పరిగె ఏరుకోను గింజ మిగలని పొలం

యాసంగి కోతలప్పుడు సూర్యాపేట నుంచి కోదాడకు, కోదాడ నుంచి హుజూర్‌నగర్ మీదుగా మిర్యాలగూడకు బస్సుల పోతుంటే రోడ్డుకు రెండు దిక్కులా కోతమిషన్లే కనపడ్తయి. మనుషులు కనపడరు. మిషన్ మీద డ్రైవరు ఒకడు, గట్టు మీద ఆసామి ఒకడు, వడ్లు పోసుకునే ట్రాక్టరు కాడ ఇంకొకడు. ఎకరం పొలం గంటలో ఖాళీ. ఇదే ఎకరంలో మునుపు కోసేటోళ్లు, కట్టలు కట్టేటోళ్లు, మోసేటోళ్లు, కొట్టేటోళ్లు, తూర్పార పట్టేటోళ్లు అంతా కలిస్తే పదిహేను ఇరవై కూలిదినాల పని ఉండె. ఆ పని చేసిన చేతులు ఏ వాడవో ఈ పత్రిక చదివేటోళ్లకు మేం చెప్పే పని లేదు.

మిషన్‌ను తిట్టడానికి ఈ మాట మొదలుపెట్టలేదు. నడుం వంచి కోసినోళ్లకు తెలుసు కోత ఏందో. కొడవలి గాట్లు పడ్డ అమ్మల వేళ్లు, నాటేసి నాటేసి బురదకు తెల్లగ పాసిపోయిన కాళ్లు చూసుకుంట పెరిగినోళ్లం. ఆ బాధ మళ్లీ రావాలని కోరుకునే మూర్ఖులం కాదు. మా గొడవ వేరే ఉన్నది.

ఇప్పుడు పట్నంలో పెద్దసార్లు ఆహార వ్యవస్థలో కొత్త ఆవిష్కరణలు, సుస్థిర అభివృద్ధి అని మీటింగుల మీద మీటింగులు పెడుతున్నరు. తక్కువ నీళ్లతో వరి, తక్కువ మనుషులతో వరి, బలం కలిపిన బియ్యం, గాలిని వేడెక్కించని వ్యవసాయం. వీటిలో కొన్ని నిజంగ మంచివే. అయితే ప్రతి కొత్త పద్ధతికీ ఒక లాభం ఉంటది, ఒక ఖర్చు ఉంటది. ఆ మాట సార్లు కూడా ఒప్పుకుంటరు. లాభం ఎంత, ఖర్చు ఎంత అని లెక్కలు కడతరు. లాభం ఎవరి ఇంటికి పోయింది, ఖర్చు ఎవరి నెత్తిన పడ్డది అనే లెక్క మాత్రం కట్టరు. మేం అడిగేది అదొక్కటే. లాభం ఊర్లోకి, ఖర్చు వాడలోకి ప్రతిసారీ ఎందుకు వస్తున్నయి?

ప్రతిసారీ అని ఊరికే అనలేదు. మన తాతల కాలంలో బాయి మీద మోట కొట్టేది. మోటకు తోలు బొక్కెన, తొండం మాదిగ ఇంట్లో తయారయ్యేది. చచ్చిన పశువును మోసుకొచ్చి, తోలు లందలో నానేసి, కుట్టి ఇస్తే, దానికి బదులు కల్లం కాడ గింజలు కొలిచేటోళ్లు. కరెంటు మోటారు వచ్చింది. ఎద్దులకు బాధ తప్పింది. తెల్లారగట్ల లేచి మోట తోలే జీతగానికి బాధ తప్పింది. మంచిదే. లంద కంపులో బతకాలని ఎవ్వరికీ లేదు. కాని లంద పోయిన ఇంటికి మోటారు రాలే, మోటారు పెట్టే బాయి రాలే, బాయి తవ్వుకునే భూమి రాలే. కల్లం కాడి గింజలు మాత్రం బందయినయి. ఊర్లో వ్యవసాయం ఒక మెట్టు ఎక్కింది. మాదిగ ఇల్లు ఒక మెట్టు దిగింది.

తర్వాత కాలువ వచ్చింది. 1955 డిసెంబర్ 10న నాగార్జునసాగర్‌కు నెహ్రూ పునాదిరాయి వేసిండు. 1967 ఆగస్టు 4న ఇందిరాగాంధీ కాలువలకు నీళ్లు వదిలింది. మనది ఎడమ కాలువ, లాల్‌బహదూర్ కాలువ. కాగితం మీద పది లక్షల ఎకరాలకు పైన ఆయకట్టు. కాలువకు ముందు ఇదంతా మెట్ట. జొన్న, సజ్జ, కంది, పెసర, ఆముదం. బువ్వ అంటే పండుగనాడే, మిగతా దినాలు గటక, అంబలి. కాలువ వల్ల ఆకలి తగ్గింది. ఈ మాట దాచిపెట్టి రాస్తే మేం అబద్ధాలకోర్లం అయితం. రెండు పంటలకు నాట్లు, కలుపులు, కోతలు దొరికినయి. 1983లో ఎన్టీ రామారావు కిలో రెండు రూపాయలకు బియ్యం ఇచ్చినంక మన ఇండ్లల్ల రోజూ అన్నం కుండ పొయ్యి మీదికి ఎక్కింది.

మరి భూమి సంగతి? మెట్ట పొలాన్ని వరి మడి చేయాలంటే చదును చేయాలె, గట్లు పొయ్యాలె, కాల్వ తీయాలె. దానికి చేతిలో పైసలుండాలె. ఎకరం, రెండెకరాలు ఉన్న మన పెద్దలకు ఆ పైసలు లేవు, ఇచ్చే బ్యాంకు లేదు. కోస్తా నుంచి రైతులు వచ్చి క్యాంపులు వేసుకున్నరు, కొనుక్కున్నరు. ఊరి దొరల భూమి ధర పెరిగింది. మనోళ్లు అప్పుకింద కొంత, అగ్గువకు కొంత పోగొట్టుకొని, తమ చేల్లోనే కూలికి పోయినరు. నీళ్లు వచ్చినంక భూమి పంచుతరని ఎదురుచూసినోళ్లం, నీళ్లు రాగానే ఉన్న భూమి జారవిడుచుకున్నం.

మేం చిన్నగ బడికి పోయే కాలంలో, కోతలయినంక అమ్మల వెంట పరిగె ఏర పోయేది. కొడవలితో కోసినప్పుడు, కట్ట కట్టినప్పుడు, మోసినప్పుడు వెన్నులు రాలుతయి. ఆ వెన్నులు ఒళ్లో వేసుకొని తెచ్చి, ఇంటి ముందు నులిమి, దంచుకుంటే కొన్నాళ్లకు సరిపడే బియ్యం అయ్యేటివి. ఆసామి మంచోడైతే ఏమీ అనడు, పాపిష్టోడైతే ఒళ్లు విప్పి దులిపిస్తడు. అది హక్కు కాదు, దయ. అయినా గింజ గింజే. కోతమిషన్ కూడా గింజలు రాలుస్తది, తక్కువేం కాదు. కాని అది వెన్ను రాల్చదు, విడి గింజ రాలుస్తది. బురదలో గొలుసు చక్రం తొక్కిన విడి గింజను ఎవరు ఏరుతరు? వారం తిరక్కముందే మిషన్ వదిలిన గడ్డికి అగ్గి పెడ్తరు. పరిగె పోయింది, గడ్డి పోయింది. గడ్డి లేక వాడలో బర్రెలు అమ్ముకున్నరు. ఇప్పుడు మన పిల్లలు చాయ్ తాగాలంటే ప్యాకెట్ పాలు.

ఇంకొకటి ఎవరూ లెక్కరాయనిది ఉన్నది. కలుపుకు పోయిన ఆడోళ్లు సాయంత్రం ఒట్టి చేతులతో వచ్చేటోళ్లు కాదు. కొంగులో పొన్నగంటి కూర, గునుగు, తుమ్మి, చెంచలి. పిల్లలు మడి కాల్వలల్ల చిన్న చేపలు, ఎండ్రికాయలు, నత్తలు పట్టుకొచ్చేది. ఒక్క పైసా లేకుండ పప్పు కాడికి కూర, కూర కాడికి నీచు. ఆసామికి అది కలుపు, మనకది పళ్లెం. ఇప్పుడు ఆ మడులల్ల కలుపు మందు, పురుగు మందు. చేప లేదు, కూర లేదు. ఎకరానికి ఎన్ని బస్తాలు పండిందో వ్యవసాయశాఖ రాసుకుంటది. ఎన్ని కొంగుల కూర పోయిందో ఏ శాఖ రాసుకుంటది?

ఆసాములను అడిగితే ‘కూలోళ్లు దొరుకుతలేరు, మేమేం చేయాలె’ అంటరు. అందులో కొంత నిజం ఉన్నది. మన పిల్లలు చదువుకొని పొలం దిక్కు చూస్తలేరు. చూడొద్దు కూడా, మేమే బడిలో ఆ మాట చెప్తున్నం. మన దగ్గరనే ఎకరం, రెండెకరాలు కౌలుకు పట్టినోళ్లు కూడా గంటకు రెండు మూడు వేలు పెట్టి మిషన్‌నే పిలుస్తున్నరు. వడ్లు తడవకముందే ఇల్లు చేర్చుకోవాలని చిన్నరైతుకు ఉండదా? ఈ మిషన్లు పంజాబ్ నుంచి, తమిళనాడు నుంచి కూడా వస్తున్నయి. బిహార్ నుంచి, బెంగాల్ నుంచి నాట్లకు ముఠాలు వస్తున్నయి. ఎకరానికి ఇంతని గుత్త మాట్లాడుకొని, పొలం కాడనే గుడిసె వేసుకొని, చీకటి పడేదాక నాటుతున్నరు. వాళ్లను తిట్టేటోళ్లు మన వాడలో కూడా తయారైనరు. ఇది తప్పు. ఆ ముఠాల్లో ఉన్నది మనలాంటోళ్లే. అక్కడ భూమి లేకనే ఇక్కడికి వచ్చిండ్రు. మన ఆడోళ్లు మిర్చి ఏరను ఖమ్మం దిక్కు, గుంటూరు దిక్కు ఆటోలల్ల పోతే అక్కడోళ్లు ఇట్లనే తిట్టినరని మరిచిపోవద్దు.

ఇప్పుడు నాటు కూడా పోయేటట్టు ఉన్నది. వెదజల్లుడు, డ్రమ్‌సీడర్. నారు పొయ్యరు, పీకరు, నాటరు. ఇందులో భూమికి మేలున్నది, ఎట్లనో చెప్తం. మడిలో వారాల తరబడి నీళ్లు నిలిస్తే అడుగు బురదకు గాలి ఆడదు. గాలి ఆడని చోట బతికే సూక్ష్మజీవులు మీథేన్ అనే వాయువును వదులుతయి. అది భూమిని వేడెక్కిస్తది. నీళ్లు పెట్టి, ఆరనిచ్చి, మళ్లీ పెడితే ఆ వాయువు తగ్గుతది, నీళ్లు కూడా మిగుల్తయి. నీళ్లు మనకూ కావాలె. 2023లో సాగర్ నిండక, ఆ యాసంగికి ఎడమ కాలువ కింద మడులు బీడు పడ్డప్పుడు అందరికంటే ముందు పని పోయింది మన వాడకే. కాబట్టి నీళ్లు పొదుపు చేసే పద్ధతికి మేం అడ్డం నిలబడం.

అయితే నిలిచిన నీళ్లే కలుపును అణిచేది. నీళ్లు తీస్తే కలుపు లేస్తది. కలుపు తీసే పదిమంది ఆడోళ్లకు బదులు మందు డబ్బా వచ్చింది. వీపుకు ట్యాంకు కట్టుకొని, మూతికి రుమాలు కూడా లేకుండ ఆ మందు కొట్టేది ఎవరు? మన పోరగాండ్లే. అందుకే డ్రోన్ వస్తదంటే మేం సంతోషపడ్డం. ఆ విషం పీల్చే పని మనిషికి తప్పాలె. తప్పినంక ఆ మనిషి ఏం తినాలె అన్నది అడగక తప్పదు.

దీంట్ల ఇంకో మెలిక. కొన్ని కంపెనీలు ఊర్లకొచ్చి, ‘మీరు మీథేన్ తగ్గించుండ్రి, ఆ తగ్గింపును కార్బన్ క్రెడిట్లని అమ్మి మీకు పైసలిస్తం’ అని రైతులతో ఒప్పందాలు రాయించుకుంటున్నయి. ఎక్కడనో విమానాలు నడిపేటోడు, ఫ్యాక్టరీ నడిపేటోడు తన పొగకు మాఫీ కొనుక్కుంటడు. మధ్యల కంపెనీ తన వాటా తీసుకుంటది. పట్టా ఉన్నాయన సంతకం పెట్టి మిగిలింది తీసుకుంటడు. కౌలు చేసేటోడి పేరు కాగితంలో ఉండదు. నాటు పని పోయిన మనిషి పేరు అసలే ఉండదు. పోయిన కూలి వాడది. వచ్చిన క్రెడిటు ఊరిది.

సర్కారు సాయం కూడా ఆ పట్టా వెంబడే పోతది. 2018లో రైతుబంధు మొదలైనప్పుడు కౌలుదారును పక్కన పెట్టిండ్రు. 2025 జనవరి 26న రైతు భరోసా మొదలైంది: ఎకరానికి ఏడాదికి 12,000 రూపాయలు. అదే దినం భూమిలేని కూలీలకు ఇందిరమ్మ ఆత్మీయ భరోసా ప్రకటించిండ్రు: కుటుంబం మొత్తానికి ఏడాదికి 12,000. అది కూడా 2023-24లో కనీసం 20 దినాలు ఉపాధి పని చేసి ఉంటేనే. కూలిని లెక్కలోకి తీసుకున్నందుకు ఒక దండం పెడతం. కాని లెక్క చూడుండ్రి. పదెకరాల పట్టాదారుకు లక్షా ఇరవై వేలు. ఆ పదెకరాల్లో పుట్టి, పెరిగి, ముసలైన కూలి ఇంటికి పన్నెండు వేలు. ఎకరం భూమి ఎంతో, ఐదుగురున్న కుటుంబం అంతేనన్నమాట.

2025 డిసెంబర్‌లో పార్లమెంటు ఇంకో పని చేసింది. 2005 నాటి ఉపాధి హామీ చట్టాన్ని తీసేసి కొత్త చట్టం తెచ్చింది. నూరు దినాల బదులు 125 దినాలు అన్నరు, బాగనే ఉన్నది. కాని విత్తేటప్పుడు, కోసేటప్పుడు కలిపి ఏడాదిలో 60 దినాల దాక ఉపాధి పని ఆపొచ్చని అందులోనే రాసిండ్రు. ఎందుకయ్యా అంటే పొలాలకు కూలోళ్లు దొరకాలని! ఏ పొలాలకు? కోత మిషన్ కోసె, నాటు డ్రమ్ము విత్తె, కలుపు మందు తీసె. పొలంలో పని లేదు, అదే సీజన్లో సర్కారు పని కూడా ఉండొద్దు. మిగిలిన దినమో అరదినమో పనికి కూలి పెంచమని గట్టు మీద నిలబడి అడగొద్దు. ఈ మర్మం తెలుసుకోను డిగ్రీలు అక్కర్లేదు.

ఇక పళ్లెం సంగతికి వద్దాం. 2025 మార్చి 30, ఉగాది నాడు, మన హుజూర్‌నగర్‌లోనే ముఖ్యమంత్రి రేవంత్‌రెడ్డి రేషన్‌కు సన్నబియ్యం మొదలుపెట్టిండు. మనిషికి ఆరు కిలోలు. కొంతమంది చదువుకున్నోళ్లు దీన్ని ఓట్ల పథకమని తీసిపారేస్తరు. మేం అట్ల అనం. రేషన్ దొడ్డుబియ్యం ఏమయ్యేదో అందరికీ ఎరుకే. కిలోకు ఇన్ని రూపాయలని దళారికి పోసి, పైన పైసలేసి సన్నబియ్యం కొనుక్కున్న ఇండ్లు వాడలో ఎన్నో. హాస్టళ్లల్ల, బడులల్ల 2015 జనవరి నుంచే సన్నబియ్యం వచ్చింది. మేం పాఠాలు చెప్పే బడిలో ఆ ఏడాది పిల్లలు రెండోసారి అన్నం అడిగినప్పుడు మా కండ్లు చెమర్చినయి. ఊర్లోళ్లు తినే అన్నమే వాడోళ్లు తినాలె. ఇది రుచి ఒక్కటే కాదు, సమానత్వం.

అయినా ఆ బియ్యంలోనూ ఒక చిక్కు ఉన్నది. మిర్యాలగూడ మిల్లులు ఉప్పుడు బియ్యానికి పేరు పడ్డయి. వడ్లను నానేసి, ఆవిరి పట్టి, ఆరబెట్టి మర పడ్తరు. ఎందుకంటే యాసంగి వడ్లు ఎండలకు లోపలనే పగుల్తయి. పచ్చిగ మర పడ్తే నూకలు ఎక్కువ. ఆవిరి పడ్తే గింజ గట్టిపడ్తది. ఆ ఆవిరితో పై పొరలో ఉన్న బీ విటమిన్ కొంత గింజ లోపలికి దిగుతది. అంటే మనం ముక్కు విరిచిన దొడ్డు ఉప్పుడు బియ్యంలో, తళతళ మెరిసే పచ్చి సన్నబియ్యం కంటే ఒక పాలు బలం ఎక్కువే. 2021లో కేంద్రం ఉప్పుడు బియ్యం ఇక కొనమన్నది. రాష్ట్రం యాసంగి వరి వేయొద్దన్నది. వరి వేస్తే ఉరి అన్న మాట ఊరూరా పాకింది. ఢిల్లీ, హైదరాబాద్ కొట్లాడుకున్నయి. రైతు నష్టం గురించి పేపర్లు నిండినయి. ఆ గొడవలో మిల్లు కాడ బస్తాలు మోసే హమాలీకి ఎన్ని దినాల కూలి పోయిందో ఒక్క పేపరూ రాయలే.

బలం కలిపిన బియ్యం గురించి కూడా చెప్పాలె, ఎందుకంటే వాడలల్ల ‘ప్లాస్టిక్ బియ్యం’ అని ఏరి పారేసినోళ్లను చూసినం. అవి ప్లాస్టిక్ కాదు. బియ్యపు పిండిలో ఐరన్, ఫోలిక్ ఆమ్లం, బీ12 కలిపి గింజ ఆకారంలో ఒత్తి, నూరు కిలోల బియ్యానికి ఒక కిలో కలిపిండ్రు. కడిగినప్పుడు కొన్ని తేల్తయి, అందుకే అనుమానం. 2021 ఆగస్టు 15న ప్రధానమంత్రి ప్రకటించి, 2024 కల్లా పథకాల బియ్యం అంతటా అమలుచేస్తమన్నరు. తలసేమియా, సికిల్ సెల్ జబ్బులున్నోళ్లు మాత్రం డాక్టర్‌ను అడగాలె. ఊర్లో ఈ మాట చెప్పిన అధికారి మాకు కనపడలేదు.

మన ఆడబిడ్డలకు రక్తం తక్కువున్నదని సర్కారుకు ఇప్పుడు తెలిసింది, సంతోషం. ఐరన్ యాడుంటదో మన అవ్వలకు ముందే ఎరుక. కార్జంలో ఉంటది, ఎండు తునకల్లో ఉంటది, పెద్దకూరలో ఉంటది. ఆ కూర తిన్నందుకే మనల్ని ఊరవతల పెట్టిండ్రు. ఇప్పటికీ కిరాయి ఇల్లు అడిగితే ఏం తింటరని అడుగుతరు. పళ్లెంలో ఉన్న ఐరన్‌ను చూసి ముక్కు మూసుకొని, ఫ్యాక్టరీలో ఒత్తిన ఐరన్ గింజను మనకు పంపిండ్రు. ఆ గింజ తినొద్దని అనం. తినుండ్రి. దాని పక్కన మన కూర, మన పప్పు, బడిలో వారానికి మూడు గుడ్లు కూడా ఉండాలంటున్నం.

విత్తనం మాట రెండు ముక్కల్లో. సన్నబియ్యానికి ఈ మర్యాద తెచ్చింది సాంబ మసూరి, బాపట్లలో పుట్టిన బీపీటీ 5204, 1986లో వచ్చింది. అన్నం బాగుంటది. పంటకాలం ఎక్కువ, తెగుళ్లు ఎక్కువ, కాబట్టి మందులూ ఎక్కువే. 2025 మే 4న ఢిల్లీలో దానికి కొత్త తమ్ముణ్ణి చూపించిండ్రు. రాజేంద్రనగర్ వరి పరిశోధన సంస్థ శాస్త్రవేత్తలు సాంబ మసూరి జన్యువును సవరించి తయారుచేసిన రకం అది, పేరు కమల. దిగుబడి 19 శాతం దాక ఎక్కువ, ఇరవై దినాలు ముందే కోతకొస్తది అంటున్నరు. నిజమైతే కాలువ నీళ్లు మిగుల్తయి. జన్యు సవరణ పద్ధతుల పేటెంట్లు చాలావరకు విదేశీ సంస్థలవి. రైతు తన గింజ తాను దాచుకొని మళ్లీ విత్తుకోవచ్చా లేదా అన్నది రాతపూర్వకంగ తేలాలె, బస్తా చేతికి రాకముందే.

ఒక దిక్కు సన్నబియ్యం, ఇంకో దిక్కు చిరుధాన్యాలు. 2023ను ఐక్యరాజ్యసమితి చిరుధాన్యాల సంవత్సరం అన్నది, అడిగింది మన దేశమే. షుగరు వచ్చిన షావుకారి జొన్నరొట్టె తింటున్నడు, హోటల్లో సజ్జ బిస్కెట్ అమ్ముతున్నరు. మనం గటక తాగినప్పుడు అది కూలోళ్ల తిండి. వాళ్లు తాగేసరికి ఆరోగ్యం. ఇప్పుడు బజార్లో బియ్యం కంటే జొన్నలే ప్రియం. అందుకని మనకు వచ్చి ‘సన్నబియ్యం మానుండ్రి, జొన్నలు తినుండ్రి’ అని నీతి చెప్పేటోళ్లను చూస్తే మాకు ఒళ్లు మండుతది.

ఒళ్లు మండినా, ఒక సంగతి మాత్రం నేర్చుకోవాలె. జహీరాబాద్ దిక్కు, పస్తాపూర్ చుట్టుపక్కల, 1983 నుంచి డెక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ సంఘాల్లో పనిచేసిన ఆడోళ్లు ఎక్కువమంది దళితులే. సర్కారు ఇచ్చిన రాళ్ల ఎర్రచెల్కలు బీడు పడి ఉండె. తొంభైల నడుమ వాళ్లు ఆ బీళ్లను జొన్నకు తెచ్చిండ్రు. పెట్టుబడి అప్పుగ తీసుకొని గింజ రూపంలో కట్టిండ్రు. ఆ గింజ ఊర్లోనే నిలవచేసి, కరువు నెలల్లో పేద ఇండ్లకు తక్కువ ధరకు తామే పంచిండ్రు. ముప్పై పైచిలుకు ఊర్లల్ల ఇది నడిచింది. ఏ ఇల్లు పేదదో తేల్చింది కూడా తహశీల్దారు కాదు, వాడ ఆడోళ్లే. 2019లో ఐక్యరాజ్యసమితి వాళ్ల ఈక్వేటర్ బహుమతి ఆ సంఘానికి వచ్చింది. మన కాలువ కింద అట్లనే చేయమని అనలేం. ఇక్కడ మన చేతిలో బీడు కూడా లేదు. 2014లో మూడెకరాల పథకం పెట్టిండ్రు, కొద్ది వేల కుటుంబాలకే అంది ఆగిపోయింది. కాని ఒక్కటి గమనించుండ్రి: అక్కడ జొన్న గెలవలేదు. భూమి, గింజ, గిడ్డంగి మూడూ ఆడోళ్ల చేతిలో ఉన్నందుకు ఆ ఆడోళ్లు గెలిచిండ్రు.

బాబాసాహెబ్ 1918లోనే చిన్న కమతాల మీద వ్యాసం రాసిండు. కమతం చిన్నదా పెద్దదా అన్నది కాదు చూడాల్సింది, ఆ భూమికి తగిన పెట్టుబడి, పనిముట్లు ఉన్నయా లేవా, పొలంలో మిగిలిపోయే చేతులకు పరిశ్రమ ఉన్నదా లేదా అని వాదించిండు. యంత్రాన్ని ఆయన ఏనాడూ శత్రువనలే. మనిషికి తీరిక ఇచ్చేది యంత్రమే అన్నడు, తప్పు యంత్రంలో లేదు, దాన్ని గుప్పిట్లో పెట్టుకున్న సమాజంలో ఉన్నదన్నడు. గొడ్డుచాకిరీని పవిత్రం చేసి మాట్లాడేటోళ్ల మీద ఆయనకు కోపం. మాదీ అదే దారి.

కాబట్టి మిషన్ ఆపమని మేం రోడ్డెక్కం. మిషన్ మాకు కావాలని ఎక్కుతం. కోతమిషన్ పాతిక ముప్పై లక్షలు. దళితబంధు పది లక్షలు. 2021లో మన సూర్యాపేట జిల్లా తిరుమలగిరి మండలాన్ని అందుకు ముందుగ ఎంచుకున్నరు. మూడు నాలుగు ఇండ్లు కలిస్తే ఒక కోతమిషన్ అయ్యేది. కలిపే బదులు ఎవరికి వాళ్లను విడదీసి, ఎంపికను లీడర్ల చేతిలో పెట్టిండ్రు. మనోళ్లు కూడా లీడర్ల ఇండ్ల చుట్టూ తిరిగిండ్రే గాని కలిసి కూర్చోలే. ఈ తప్పు మనదని ఒప్పుకోవాలె. మహిళా సంఘాలకు డ్రోన్ కొనుక్కోను 80 శాతం, ఎనిమిది లక్షలు మించకుండ, ఇస్తమని 2023 నవంబర్‌లో కేంద్ర మంత్రివర్గం తీర్మానించింది. డ్రోన్‌కు ఇవ్వగలిగినోళ్లు కోతమిషన్‌కు, డ్రమ్‌సీడర్‌కు, గడ్డి కట్టలు కట్టే మిషన్‌కు ఎందుకు ఇయ్యరు? ఎస్సీ నిధికి 2013లో చట్టమొచ్చింది, 2017లో తెలంగాణలో ఇంకో చట్టం. ఆ పైసలతో మండలానికి ఒక యంత్రాల కేంద్రం పెట్టి, నాటూ కోతా పోగొట్టుకున్న ఆడోళ్ల సంఘం పేరు మీద రాయాలె. డ్రైవర్లు మన పిల్లలు కావాలె. ఎకరానికి వచ్చే కిరాయి ఆ సంఘం ఖాతాలో పడాలె. కాగితం మీద మన పేరు, స్టీరింగు కాడ ఆసామి కొడుకు అన్న బేనామీ కథ నడిస్తే మనమే బయటపెట్టాలె.

నీళ్లు మిగిలించినందుకు, మీథేన్ తగ్గించినందుకు ఊర్లోకి ఏ పైసలు వచ్చినా అందులో కూలి వాటా ఉండాలె. ఒప్పందం కాగితం గ్రామసభలో చదవకుండ సంతకం కావొద్దు. ఆ అరవై దినాలు పని ఆపితే, పొలంలో కూలి దొరకలేదని రాసిచ్చిన ప్రతి మనిషికి భత్యం ఇయ్యాలె. హాస్టళ్లకు, అంగన్‌వాడీలకు జొన్నలు, కందులు కొనేదుంటే ముందు మన మెట్ట ముక్కల నుంచి, కౌలు చేసే ఆడోళ్ల నుంచి కొనాలె, మద్దతు ధర పెట్టి.

ఇవి అడిగేటప్పుడు అధికారి ముందు నోటిమాట పనికిరాదు. మొన్న ఒక ఆఫీసుకు పోతే ‘లెక్కలేవి?’ అన్నరు. మన దగ్గర లేవు. అందుకని సూర్యాపేట, కోదాడ, మిర్యాలగూడ దిక్కు ప్రతి ఊర్లో మన కార్యకర్తలు ఈ పక్షంలో వాడలో కూర్చొని రాయాలె: నిరుడు యాసంగిలో ఒక్కో ఆడమనిషికి నాటు ఎన్ని దినాలు దొరికింది, కలుపు ఎన్ని, కోత ఎన్ని. పదేండ్ల కింద ఎన్ని ఉండె. ఊర్లో ఎన్ని కోతమిషన్లు తిరిగినయి, అవి ఎవరివి. ఎంతమంది కౌలు చేస్తున్నరు, పట్టా ఎవరిది. ఉపాధి పని ఏ నెల ఆగింది. చదువొచ్చిన పిల్లలను పక్కన కూర్చోబెట్టుకోండి, ముసలవ్వలను తప్పకుండ అడగండి, పాత లెక్కలు వాళ్లకే యాదుంటయి. పోస్టుకార్డు మీద రాసినా సరే, ఫోన్‌లో చెప్పినా సరే. వచ్చే సంచికలో ఊరి పేరుతో అచ్చేస్తం, మనుషుల పేర్లు వేయం.